అక్షరం కూడా మార్చలేదట

పదో తరగతి ఫెయిల్ కాని మనిషిని నేను. పరీక్షకే కూర్చోలేదు, ఇక ఫెయిలయ్యేది ఎక్కడ? నాతో బడికి వచ్చిన సగం మంది రాసి మరీ ఫెయిలయ్యారు కాబట్టి, ఆ లెక్కన వాళ్ల కంటే నేనే నయం. తొమ్మిదిలో ఉండగా లెక్కల సారు నన్ను నిలబెట్టి, "నువ్వు బడికి రాకుంటె బడికే మంచిదిరా" అన్నాడు. పెద్దవాళ్ల మాట తీసెయ్యడం నాకు అలవాటు లేదు. మర్నాడే పోయి కోరుట్లలో మైకు సెట్టు నడిపే ఆయన దగ్గర వైర్లు చుట్టే పనికి కుదిరాను. ఇప్పుడా సెట్టు నాదే. పెళ్లికీ నా స్పీకరు డబ్బాలే, చావుకూ నా డబ్బాలే. అలాంటివాణ్ణి కథకూ సినిమాకూ పోలిక చెప్తానంటే మీకు నవ్వొస్తుంది. నవ్వండి. మా ఇంటి కథను తీసిన సినిమా ఒకటుంది, దాని సంగతి చెప్పకుండా మాత్రం నేనుండలేను.

నేను మొదలు నుంచి చివరి దాకా చదివిన కథ ఒక్కటే. మా బావమరిది రాసింది. అతను సిరిసిల్లలో బడిపంతులు. నేను వదిలేసిన చదువంతా ఏరుకుని అతనే చదివాడనిపిస్తుంది. ఒక ఆదివారం పేపర్లో కథ అచ్చయితే, మా ఆవిడ ఆ కాగితం మడిచి నా చొక్కా జేబులో పెట్టింది.

"నా తమ్ముడు రాసిండు. సమజైనా గాకున్నా సదువు," అంది.

మర్నాడు ఆంప్లిఫయరు బాగు చేయించడానికి జగిత్యాల పోయాను. తిరిగొచ్చేటప్పుడు బస్టాండులో వేరే పని లేక ఆ కాగితం తీశాను. చదువుతూ ఎంత పెద్దగా నవ్వానంటే, పక్కనున్న ముసలాయన తన సంచి ఎత్తుకుని అవతలి బెంచీకి పోయాడు. కోరుట్ల బస్సు వచ్చిందీ తెలియదు, పోయిందీ తెలియదు.

కథలో ఉన్నది మా అత్త. నాకు పిల్లనిచ్చిన అత్తే కాదు, మా నాయనకు సొంత చెల్లెలు కూడా. నేను చెడ్డీ లేకుండా తిరిగిన రోజుల నుంచీ ఆమెకు నా సంగతులన్నీ తెలుసు. అందుకే మా మధ్య అల్లుడి మర్యాదలు నడవవు. నేనొకటంటే ఆమె రెండంటుంది.

సిరిసిల్లలో మా మామ సాంచాలు నడిపేవాడు. మరమగ్గాన్ని అక్కడ సాంచా అంటారు. కార్ఖానాలో అన్ని సాంచాలూ ఒక్కసారి ఆడుతుంటే, పక్కవాడు చెవిలో నోరుపెట్టి అరిచినా వినపడదు. నా డబ్బాలన్నీ తీసుకుపోయి పెట్టినా ఓడిపోతాయి. అక్కడ పనిచేసేవాళ్లు పెదవులు చూసి, చేతులు చూసి మాట్లాడుకుంటారు.

కథ జరిగిన రోజుల్లో మా అత్త ఇంకా ముప్పై నిండని మనిషి. ఇంట్లో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టేది. ఇల్లు ఇరుకు. నడిమింట్లో వాళ్లత్త కూర్చుని ఉండేది. మొగుడి మీద ఎంత కోపమొచ్చినా ఆ ఇంట్లో గొంతు లేపడానికి లేదు. అందుకని మధ్యాహ్నం సద్ది గిన్నె పట్టుకుని కార్ఖానాకు పోయి, మామ ఎదురుగా నిలబడి, గొంతు చించుకుని తిట్టేది. ఊరు మొత్తంలో ఆమె అరవగలిగిన చోటు అదొక్కటే. పెదవులు చూసి కనిపెడతాడని కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. దూది దుమ్ముకు పెట్టుకుందనుకుని మామ తల ఊపి, నవ్వి, గిన్నె అక్కడ పెట్టమని చేత్తో చూపించేవాడు.

ఒక రోజు కోరుట్లలో మా చిన్నాయన పెళ్లి. అంటే అత్తకు తమ్ముడి పెళ్లి. తీసుకుపోతానన్న మామ, చెప్పాపెట్టకుండా ఇంకొకడి పని కూడా మీదేసుకుని కార్ఖానాలో ఉండిపోయాడు. అత్త పోయి మొదలుపెట్టింది. మాంచి ఊపులో ఉండగా కరెంటు పోయింది. సాంచాలన్నీ ఒక్కసారి ఆగాయి. అత్త నోట్లో ఉన్న ఆఖరి మాట ఆగలేదు. అది కార్ఖానా మొత్తం వినిపించింది. అందరూ అటు తిరిగారు. మామ చెవులు ఎర్రబడ్డాయి. తెగని పోగు కోసం సాంచాలోకి వంగి వెతకడం మొదలుపెట్టాడు. అత్త కొంగు సర్దుకుని వచ్చేసింది. ఆ మాట ఏమిటో కథలో లేదు. 'అవ్వ ఏమన్నదో నాకు ఎవ్వరూ చెప్పలేదు' అని మా బావమరిది అక్కడికే ఆపేశాడు.

కథ కొడుకు చెప్తున్నట్టు ఉంటుంది కాబట్టి అందులో పేర్లు లేవు, వయసులూ లేవు. అవ్వ, బాపు, అంతే. మా దగ్గర తల్లిని అవ్వ అంటాం, తండ్రిని బాపు అంటాం. ఇది ఇంత విడమరిచి చెప్పాల్సిన సంగతి అవుతుందని నేను కలలో కూడా అనుకోలేదు.

అత్తకు చదువు రాదు. తర్వాతి వారం మా ఆవిడతో సిరిసిల్ల పోయి నేనే చదివి వినిపించాను. మామ పోయి అప్పటికి మూడేళ్లు. కరెంటు పోయిన చోటికి వచ్చేసరికి ఆమె బీడీలు చుట్టే చెయ్యి ఆగింది.

"గది గూడ రాసిండా వీడు?" అని కొడుకు వైపు చూసింది. తిట్టబోతోందనుకున్నాం. కానీ, "మీ బాపు మొఖం గప్పుడు జూడాలెరా. ఎర్రటి మిరుపకాయ తీర్గ అయిండు," అని నవ్వింది. మూడేళ్లలో ఆమె అట్లా నవ్వడం చూడలేదని మా ఆవిడ దారి పొడుగునా చెప్పింది.

కొన్నాళ్లకు హైదరాబాదు నుంచి ఒక డైరెక్టరు ఫోన్ చేశాడు. కథ చదివి ఏడ్చాడట. నవ్వుకునే కథ చదివి ఏడ్చాడంటేనే మాకు అనుమానం రావాల్సింది. రాలేదు. సినిమా అనగానే ఇంట్లో అందరికీ బుర్ర పనిచేయడం మానేసింది, నాతో సహా. అతను ఒకసారి సిరిసిల్ల వచ్చి, కార్ఖానా చూసి, చప్పుడుకు తల నొస్తుందని సాంచాలు ఆపమని అడిగి, ఫొటోలు తీసుకుని, ఇంటికి రాకుండానే పోయాడు. తర్వాత కథంతా సినిమా కోసం రాసిన కాగితాలు పంపాడు. వాటిలో ప్రతిచోటా అవ్వ, బాపు అనే ఉంది. మా బావమరిది చదివి బ్రహ్మాండంగా ఉందన్నాడు. ఇద్దరూ చదివింది ఒకే మాట. ఒకడికి తల్లి కనపడింది, ఇంకొకడికి నాయనమ్మ కనపడింది.

మళ్లీ ఒకసారి ఫోన్ చేసి, "అవ్వ పాత్రకు చాలా పెద్ద నటి దొరికారండీ," అన్నాడు. పెద్ద నటి అంటే మేం పెద్ద పేరున్న నటి అనుకున్నాం. అత్తకు చెప్తే సిగ్గుపడింది.

"గంత పెద్దామె నా యేషం ఏస్తదా? గామె చేతికి బీడీలు సుట్టుడస్తదా?"

"నీకంటె మంచిగనే సుడ్తది. గామెకు మేకప్పు గూడ ఉంటది," అన్నాను.

"నువ్వాగు నాయనా. నా యేషం ఎట్లన్న ఉండని. కరెంటు పోయిన కాడ మీ మామ మొఖం ఎట్ల వెట్టిండో గదొక్కటి సక్కగ తియ్యమను. నేను గదానికే సినిమాకస్త."

ఆ తర్వాత సినిమా మాట ఎప్పుడు వచ్చినా ఆమె ఇంకేమీ అడగలేదు. పాటలున్నాయా, ఎవరున్నారు, ఎన్ని రోజులు ఆడుతుంది, ఏదీ అక్కర్లేదు. మామ ముఖం. అదొక్కటే.

సినిమా తయారయ్యాక జగిత్యాలలో ఒక టాకీసులో ప్రత్యేకంగా ఒక ఆట వేశారు. సిరిసిల్ల నుంచి అత్త, బావమరిది వచ్చారు. కోరుట్ల నుంచి నేను, మా ఆవిడ పోయాం. అత్త పెట్టె అడుగున దాచుకున్న చీర కట్టుకుంది. బావమరిదిని డైరెక్టరు ముందు వరుసలోకి తీసుకుపోయాడు. మేం మూడో వరుసలో కూర్చున్నాం.

మొదలవుతూనే గోడ మీద రెండు ఫొటోలు. ఒక పడుచు జంట. మెడలో పూలదండలు, ముందు దీపం. ఒక పిల్లవాడు దండం పెడుతున్నాడు.

"ఎవల్లు గాళ్లు?" అంది అత్త.

"పిలగాని తల్లిదండ్రులు అత్తా. సచ్చిపోయిండ్రట."

"మరి నేనేడున్న?"

నాకూ అప్పటికి అర్థం కాలేదు. అంతలో లోపలి నుంచి ఒక ముసలామె వచ్చింది. తెల్లటి జుట్టు. అది జుట్టు కాదు, నెత్తి మీద దూది పరిచినట్టుంది, వంగినప్పుడల్లా చెవుల దగ్గర లేస్తోంది. పిల్లవాడు "అవ్వా" అని పరుగెత్తి ఆమె కాళ్లు పట్టుకున్నాడు. అప్పుడు నాకు వెలిగింది. పెద్ద నటి అంటే వయసులో పెద్ద. అవ్వ అంటే వాడికి నాయనమ్మ. నాయనమ్మ ఇంట్లో ఉండి తల్లీతండ్రీ లేకపోతే ఎట్లా అని ఆలోచించి, ఇద్దరినీ చంపి దండలేశాడు. బాపు కూడా ముసలాయనే, దగ్గుతూ వచ్చాడు. బాపు అంటే గాంధీ తాత అనుకోలేదు, అదే పదివేలు.

"అత్తా," అన్నాను మెల్లగా, "గా ముసల్దే నువ్వు."

"మరి గా దండేసిన పిల్ల?"

"గది గూడ నువ్వే."

మా ఆవిడ నా తొడ మీద గిల్లింది. ఎందుకు గిల్లిందో నాకు తెలుసు. బతికున్న మనిషి ఫొటోకు దండ వేయడమంటే మా ఇళ్లలో ఎంత పాడు పనో వేరే చెప్పక్కర్లేదు. అత్త మాత్రం ఇంకొంచెం ముందుకు వంగి కూర్చుంది. ఆమె వచ్చింది దండ కోసం కాదు కదా.

ఇక భాష సంగతి. ఆ ముసలామె నోరు తెరిస్తే "గీ గిన్నెల గీ బువ్వ గీడ వెడ్తున్న గద" అంటుంది. ప్రతి మాటకూ ఒక 'గీ' అతికించారు, పెళ్లి కార్డుకు పసుపు రాసినట్టు. మేం అట్లా మాట్లాడితే మా ఇళ్లలోనే మమ్మల్ని డాక్టరుకు చూపిస్తారు. కార్ఖానా అయితే గుడిలా ఉంది. కిటికీలోంచి ఎండ గీతలు గీతలుగా పడుతోంది, మధ్యలో పొగ. దుమ్ము లేదు, నూనె మరక లేదు, ఒక్క మనిషికి చెమట లేదు. అన్నిటికంటే నాకు అసహ్యం పుట్టించింది ఒకటుంది. సాంచాలు ఆడుతున్నాయి, చప్పుడు లేదు. సన్నగా పిల్లనగ్రోవి వాయిస్తున్నారు. చప్పుడు నా వృత్తి. పెళ్లి పందిట్లో చప్పుడు తక్కువైందని నన్ను కొట్టబోయినవాళ్లున్నారు. సాంచాల కార్ఖానాలో పిల్లనగ్రోవి వినిపించినవాణ్ణి ఏం చెయ్యాలి?

చప్పుడే లేకపోయేసరికి, గిన్నె తెచ్చిన ముసలామె తిట్లు అందరికీ వినపడుతున్నాయి. మాట మాట వినపడుతోంది. ముసలాయన తల దించుకుని వింటున్నాడు, పనివాళ్లు చేతులు కట్టుకుని వింటున్నారు. మరి కరెంటు పోతే కొత్తగా వినపడేది ఏముంది? అదీ కాక, ముసలిది తిట్టడానికి కార్ఖానా దాకా ఎందుకు రావాలి? ఇంట్లో ఆమెదే పెత్తనం, పీట వేసుకుని కూర్చుని తిట్టొచ్చు. కోడలికి ఇంట్లో గొంతు లేదు కాబట్టి కదా కార్ఖానాకు పోయింది! కోడలిని ఫొటోలోకి ఎక్కించాక ఇంక ఆ కథలో ఏం మిగిలిందని? గిన్నె ఒక్కటి మిగిలింది. అది కూడా స్టీలుది కాదు, ఇత్తడిది, తోమి తళతళలాడిస్తున్నారు.

ఇంతలో సినిమాలో కరెంటు పోయింది. అత్త నా ముంజేయి పట్టుకుంది.

తెర మీద ముసలాయన గుండె పట్టుకున్నాడు. సాంచా మీదికి ఒరిగి, ముసలామె ఒళ్లోకి జారి, కళ్లు మూశాడు. కరెంటు పోవడం, ప్రాణం పోవడం ఒకేసారి. ముసలామె ఆకాశం వైపు చూసి ఒక పేజీ డైలాగు చెప్పింది. నేసిన బట్ట ఎగిరొచ్చి ఆయన మీద కప్పుకుంది. టాకీసులో కొంతమంది ముక్కులు చీదుకున్నారు. ఆయన ముఖాన్ని దగ్గరగా, పెద్దగా, చాలాసేపు చూపించారు. కళ్లు మూసిన ముఖం.

అత్త నా చెయ్యి వదిలేసింది.

"సచ్చిన మొఖం నేను జూసినదే గద," అంది. "మల్ల జూపుడెందుకు?"

ఇంక ఆమె తెర వైపు చూడలేదు. ఒళ్లో చీర కొంగు అంచు మడుస్తూ, విప్పుతూ కూర్చుంది.

ఆట అయిపోయాక లైట్లు వేసి, బావమరిదిని స్టేజీ ఎక్కించి శాలువా కప్పారు. అతను చేతులు జోడించి, "సినిమా మంచిగున్నది" అన్నాడు. గొంతులోంచి ఆ మాట ఎట్లా వచ్చిందో ఇప్పటికీ నాకు అర్థం కాదు. సొంత తల్లి ఫొటోకు దండ చూసి మంచిగున్నది అన్నవాడు, ఇంకొకడి తల్లిని ఏమంటాడు? డైరెక్టరు మైకు తీసుకుని, "కథలో అక్షరం కూడా మార్చలేదు. అవ్వ అని ఉన్నచోట అవ్వ అనే ఉంచాను," అని, ఎవరైనా అభిప్రాయం చెప్పొచ్చన్నాడు. మైకు కనపడితే నా చెయ్యి ఊరుకోదు. లేచాను.

"సారూ, ఒక్క మనిషిని ముసల్దాన్ని జేసిండ్రు, గా మనిషినే సంపి ఫొటోకు దండేసిండ్రు. గింత కష్టం ఏ డైరెక్టరు వడడు. గామె గీ మూడో వరుసల కూసున్నది. ఒక్కపారి జూడుండ్రి, ఊపిరాడుతనే ఉన్నది."

జనం నవ్వారు. డైరెక్టరు కిందికి దిగి వచ్చి అత్తకు దండం పెట్టాడు.

"అమ్మా, మీరు అవ్వగారి కోడలా?"

"కోడలు గాదు సారూ, గీమెనే అవ్వ," అన్నాను. "మా కాడ అవ్వంటే తల్లి."

అతను అత్తను చూశాడు, నన్ను చూశాడు, స్టేజీ మీద శాలువాలో ఉన్న బావమరిదిని చూశాడు. సిగ్గుపడతాడు, కనీసం తల గోక్కుంటాడు అనుకున్నాను.

"తల్లయినా నాయనమ్మయినా ఎమోషన్ ఒకటే కదండీ," అన్నాడు.

ఒకటేనట. పెళ్లాం మొగుణ్ణి తిట్టడమూ, ముసలామె శవం మీద ఏడవడమూ ఒకటేనట. డైరెక్టరు ఆ ముక్క అని, అత్తతో ఒక సెల్ఫీ దిగి, ఇంకెవరో పిలిస్తే పోయాడు. సెల్ఫీలో అత్త నవ్వలేదు. అతను మాత్రం రెండు వేళ్లు పైకి చూపించాడు.

బయటికి వచ్చి బస్టాండు ఎదురుగా ఒక హోటల్లో కూర్చున్నాం. మా ఆవిడ తమ్ముడి మీద పడింది.

"గా శాలువ తీసి అవుతల పారెయ్. అవ్వకు దండేస్తె నువ్వు శాలువ గప్పుకుంటవురా?"

"గందరి ముంగట ఏమనాలె అక్కా? మంచిగలేదు అంటనా?"

"అనాలె!"

"కాయితాలల్ల అవ్వ అనే ఉన్నది. నాకేం దెలుసు?" అన్నాడు పాపం. కథ రాసినవాడికి తన కథ తనకే పరాయిదైన ముఖం. ఇంకో రోజైతే జాలిపడేవాణ్ణి.

నేను మాత్రం ఆగలేదు. మిర్చీలు వచ్చే దాకా ఆ ముసలామె 'గీ'లన్నీ చేసి చూపించాను. జుట్టు లేవడం చేసి చూపించాను. ముసలాయన ఒరగడం చేస్తుంటే, హోటల్ ఆయన నిజంగానే నాకేదో అయిందని నీళ్లు పట్టుకొచ్చాడు. మా ఆవిడ, బావమరిది కూడా చివరికి నవ్వారు. అత్త మాత్రం చాయ్ చల్లారబెట్టుకుంటూ వింటోంది.

"నేను దీస్తె గిట్లుండునా అత్తా?" అన్నాను. "డబ్బాలు వెట్టి సాంచాల సప్పుడు చెవులు వలిగేటట్టు ఇనిపిస్త. ఒక్కపారి బంద్ జేస్త. గప్పుడు నీ మాట. టాకీసుల ఒక్కడు కుర్సీల కూసోడు. మామ మొఖం గింత పెద్దగ జూపిస్త. గని నాకు గా మాట దెల్వాలె గద. గన్నేండ్లాయె, మామ గూడ లేకపాయె. గిప్పుడన్న జెప్పు, గా దినం ఏమన్నవ్?"

బావమరిది కూడా ముందుకు వంగాడు. అతనికీ తెలియదు కదా. మా ఆవిడ మిర్చీ కొరకడం ఆపింది.

అత్త చాయ్ ఒక గుక్క తాగి, గ్లాసు కింద పెట్టి, మూతి తుడుచుకుంది.

"ఇనాల్సినోడు గప్పుడే ఇన్నడు," అంది. "నీకు జెప్తె పొద్దుగూకే వరకు కోరుట్లంత ఇంటది."